పురిటి తాడు

పోయిన వారం ఎర్సాన్‌ను తలుపు దగ్గరే వదిలేశాం. ఒక చెయ్యి గడియ మీద, రెండో చేతిలో వెచ్చబెట్టిన నూనె గిన్నె. పొద్దుటి పూజ నుంచి తిరిగొచ్చేసరికి ఆమె కూతురు మారోట్‌కి నొప్పులు మొదలయ్యాయి. తలుపు కొడుతున్నదెవరో చూడకుండానే ఆమెకి తెలుసు. ఊరంతా ప్రశ్నల సన్యాసి అని పిలుస్తున్న మత విచారణాధికారి గోబెర్.

రాజుగారి మనుషులు వోసెల్ ఊరి చివరనున్న టెంప్లర్లనే యోధ సన్యాసుల మఠం మీద పడి, దొరికిన సోదరుల్ని దొరికినట్టు గొలుసులు వేసి ట్రువా పట్నానికి తోలుకెళ్ళాక ఇది మూడో వసంతం. వాళ్ళలో మఠానికి రొట్టెలు కాల్చే కొలార్ ఎర్సాన్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. క్రీస్తును కాదన్నామని, సిలువ మీద ఉమ్మామని అందరితో పాటు అతనూ ఒప్పుకున్నాడు. పాదాలకి కొవ్వు రాసి నిప్పుల ముందు పెడితే ఒప్పుకోనివాడెవడు? కానీ ఒక్క ప్రశ్నకి మాత్రం పెదవి విప్పలేదు. మీరు మొక్కిన తల ఎక్కడ? ఈస్టరు పండగ లోపల దానికి జవాబు చెప్తే ప్రాణంతో చెరసాలలో ఉంటాడు. చెప్పకపోతే మొండి మతద్రోహి కింద లెక్కగట్టి కట్టెల మీదికి ఎక్కిస్తారు. ఆ కబురు ఉప్పు బండివాడు మోసుకొచ్చినప్పటి నుంచి ఎర్సాన్‌కి తిండి సయించడం లేదు.

"ఎవరొదినా అది?" లోపలి గదిలోంచి ఇజాబో కేకేసింది. పక్కింటావిడ. ద్రాక్షసారా అంగడి నడుపుతుంది. ఊళ్ళో ఏ పురుడైనా మంత్రసాని ఎర్సాన్ వెనకాల ఆమె ఉండాల్సిందే.

"ఇంకెవరు, ఆ సన్యాసే."

"కాసేపు ఆగమను. పొద్దున గుళ్ళో బలిపీఠాన్ని ముద్దు పెట్టుకున్నంతసేపు ఆగితే చాలు, మన పని అయిపోతుంది. నేను కళ్ళు మూసి తెరిచినా ఆయనింకా వంగే ఉన్నాడు. మా ఆయన పెళ్ళినాడు కూడా నన్నంతసేపు ముద్దు పెట్టుకోలేదమ్మా!"

నొప్పి మధ్యలోనే మారోట్ నవ్వబోయి మూలిగింది. ఎర్సాన్‌కి నవ్వు రాలేదు. ముసలి గురువు లాంబెర్ గారు క్రిస్మస్ ముందు పోయాక వోసెల్‌లో పూజ చెప్పే దిక్కు లేదు. నిన్న సాయంత్రం దిగిన ఈ నలుపు తెలుపు అంగీల సన్యాసి తెల్లవారుతూనే గంట కొట్టించి పూజ చెప్పాడు. జనం ఆయన్ని చూసి భయపడుతూనే గుడికి పరిగెత్తారు. నెలల తరబడి ఆకలితో ఉన్నవాళ్ళు వడ్డించే చెయ్యి ఎవరిదని చూడరు.

"పెద్దమ్మా, తలుపు తియ్యి. ఆలస్యమైతే నన్ను తిడతారు." బయట్నుంచి జాక్మార్ గొంతు. నీటిమిల్లు వాళ్ళబ్బాయి. పెద్దవాడయ్యాక ట్రువాలో రాజుగారి అధికారి దగ్గర బంటుగా చేరాడు.

"తిట్లు తినడం నీకు కొత్తా?" అంటూ ఎర్సాన్ గడియ తీసింది. "పుట్టేటప్పుడే కాళ్ళు ముందుపెట్టి వచ్చావు. తల ఎటుండాలో తెలియని వెధవ్వి. ఇనప టోపీ పెట్టుకుంటే తెలివొస్తుందా?"

జాక్మార్ చెవులు ఎర్రబడ్డాయి. వాడి వెనకాల సన్యాసి లోపలికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, జలుబు చేసిన ముక్కుతో చూడ్డానికి నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. ఎర్సాన్ రాకాసిని ఊహించుకుంది. ఈయన్ని చూస్తే వేడి గంజి ఇవ్వాలనిపించింది.

"చెడ్డ సమయంలో వచ్చినట్టున్నానమ్మా."

"పురిటి సమయం చెడ్డదెలా అవుతుంది స్వామీ? కూర్చోండి. బఠాణీల చారు ఉంది. ఈస్టరు ముందు ఉపవాసాలు కదా, ఇంకేమీ లేదు."

"మంచినీళ్ళు చాలు."

ముందుగదిలో పొయ్యి మీద బిడ్డ స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. తొట్టిలో పిసికిన పిండి గుడ్డ కింద పొంగుతోంది. లోపలి గదికి తలుపు ఓరగా వేసి ఉంది. సన్యాసి అటు చూడకుండా మర్యాదగా వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ మర్యాద ఎర్సాన్‌కి నచ్చింది. మంచివాడే అనుకుంది. చెప్తే వింటాడు అనుకుంది.

నిద్రపట్టని రోజుల్లో ఆమె ఒకటే ఆలోచించింది. కొలార్‌ది చిన్నప్పటి నుంచీ అదే మొండితనం. కుండ పగలగొట్టినవాడు వేరే ఉన్నా, నువ్వే పగలగొట్టావని అంటే నోరు మూసుకుని దెబ్బలు తినేవాడు. మఠం మీద పడిన రోజు కూడా అంతే. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసుకునేవాడు కాబట్టి గుర్రాల చప్పుడు అందరికంటే ముందు విన్నాడు. దొడ్డిదారిన బయటపడ్డాడు కూడా. శ్మశానం సందులో అతన్ని చూసినవాళ్ళున్నారు. అయినా వెనక్కి వెళ్ళి దొరికిపోయాడు. ఎందుకు వెళ్ళావని అడిగితే పొయ్యిలో రొట్టెలున్నాయన్నాడట. రొట్టెలు మాడతాయని తల ఇచ్చుకున్నవాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు తల సంగతీ అలాగే అయ్యుంటుంది. ఊరికే బిగుసుకుని ఉంటాడు. దాచాల్సిందేముంది అందులో? ట్రువా వాళ్ళకి తెలియక దయ్యమో భూతమో అనుకుంటున్నారు. తెలిసినవాళ్ళు ఒక్కరు చెప్తే నవ్వుకుని వదిలేస్తారు.

"మీ తమ్ముడి గురించి అడగడానికొచ్చాను," అన్నాడు సన్యాసి.

"అడక్కండి స్వామీ, నేనే చెప్తాను. మీరు తల తల అని వాణ్ణి పీక్కుతింటున్నారట. అది మా వెండి తల్లి."

సన్యాసి నీళ్ళ ముంత కింద పెట్టాడు. తొందరపడలేదు. "వెండి తల్లి?"

"మఠం గుళ్ళో ఉండేది. ఆడమనిషి ముఖం. కర్రతో చేసి పైన వెండి తొడుగు వేశారు. లోపల నిజం పుర్రె. పూర్వం సముద్రం అవతల నుంచి తెచ్చారట. పాపిష్టివాళ్ళు చంపేసిన కన్యట."

"ఏ పునీతురాలు? పేరు?"

ఎర్సాన్ ఆలోచించింది. చిన్నప్పటి నుంచి చూసిన ముఖం. బుగ్గ మీద వెండి కాస్త అరిగి నల్లబడిన చోటు కూడా గుర్తుంది. "పేరు... వెండి తల్లనే అంటాం స్వామీ. మా అమ్మా అలాగే అనేది."

"సోదరులకి తెలుసా పేరు?"

"వాళ్ళనెప్పుడు అడిగాం? అమ్మకి పేరెందుకు?"

"నిజమే," అన్నాడాయన. "దాని ముందు సోదరులు మోకరించేవాళ్ళా?"

"అందరం మోకరించేవాళ్ళం. ఏటా ఆవిడ పండగనాడు మఠం తలుపులు ఊరికి తెరిచేవాళ్ళు."

జాక్మార్ గుమ్మం దగ్గర నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారాడు. వాడు ట్రువాలో విచారణ గది బయట కాపలా కాసినవాడు. ఏ మాట ఎటు పోతుందో వాడికి తెలుసు. ఎర్సాన్ వాడి వంక చూస్తే బాగుండేది. కానీ ఆమె సన్యాసి ముఖమే చూస్తోంది. ఆ ముఖం మెల్లగా విచ్చుకుంటోంది. నమ్ముతున్నాడు అనుకుంది.

"ఇంకొక్కటమ్మా. టెంప్లరు సోదరులు చొక్కా మీద నడుముకి తాడు కట్టుకుంటారు. నిద్రలో కూడా విప్పరు. ఆ తాళ్ళకీ ఆ తలకీ ఏమైనా సంబంధముందా?"

ఎర్సాన్ ముఖం వెలిగింది. ఇది తన పని. దీని గురించి తనకంటే ఎవరు చెప్పగలరు?

"ఎందుకు లేదు స్వామీ! ఆ నార వడికేది నేనే. పండగ ముందురోజు తాళ్ళన్నీ తీసుకెళ్ళి వెండి తల్లి తల చుట్టూ చుట్టేవాళ్ళం. తెల్లారేదాకా అలాగే ఉంచి పొద్దున విప్పి, సోదరులకి వాళ్ళవి ఇచ్చేవాళ్ళం. బ్రహ్మచర్యానికి కాపు అని కట్టుకునేవాళ్ళు. అందులోనే ఒక పొడుగు తాడు మాది. అది మంత్రసాని దగ్గర ఉంటుంది. పురిటి తాడు. నొప్పులొచ్చిన ఆడదాని నడుముకి కడతాం. అది కట్టాక నా చేతిలో ఏ తల్లీ పోలేదు. దేవుడి మీద ఒట్టు."

"ఊళ్ళో ఎంతమందికి కట్టారు?"

"ఎంతమందేమిటి? ఊరికి ఊరు అందులోంచి వచ్చిందే. ఇదిగో, ఈ జాక్మార్‌ని అడగండి. వీళ్ళమ్మ రెండు పగళ్ళు అల్లాడింది. ఆ తాడే లేకపోతే వీడూ లేడు, ఆవిడా లేదు."

"పెద్దమ్మా," అన్నాడు జాక్మార్. "చాలు."

"చాలేమిట్రా? ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?"

సన్యాసి లేచి నిలబడ్డాడు. ముక్కు తుడుచుకున్నాడు. ఆయన గొంతు ఇందాకటి కంటే ఇంకా మెత్తగా ఉంది.

"అమ్మా, పేరులేని ఒక తలకి మొక్కుతారని, తాళ్ళు దానికి చుట్టి ఒంటికి కట్టుకుంటారని టెంప్లర్ల మీద నేరం మోపారు. మూడేళ్ళుగా అడుగుతున్నాం. విన్నామన్నవాళ్ళున్నారు. ఎవరో చెప్పుకున్నారన్నవాళ్ళున్నారు. కళ్ళతో చూశాను, చేతులతో చుట్టాను అన్న మనిషి ఇప్పటిదాకా దొరకలేదు. మీరు దొరికారు."

ఎర్సాన్‌కి ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు చాలా పెద్దగా వినిపించింది. చేతులు పిండి పిసికినప్పటిలా బరువెక్కాయి.

"అది... అది పుణ్యం కదా స్వామీ? ఆవిడ పునీతురాలు కదా?"

"పునీతురాలికి పేరుంటుంది. పండగ తేదీ గుడి పంచాంగంలో ఉంటుంది. మీ తల్లికి రెండూ లేవు."

"లేకపోతే ఊళ్ళో ఆడవాళ్ళ తప్పేముంది? తెలియక..."

"తెలియక మొక్కినా మొక్కే. విషం తెలియక తింటే చంపకుండా వదులుతుందా?" అని జాక్మార్ వైపు తిరిగాడు. "వాణ్ణి తీసుకురా."

ఎవరిని అని అడిగే లోపలే జాక్మార్ బయటికెళ్ళాడు. వీధిలో పొద్దుటి నుంచీ ఒక బండి ఆగి ఉంది. ఎర్సాన్ దాన్ని గుడి నుంచి వస్తూ చూసింది కూడా. పైన గోనెలు కప్పి ఉంటే సన్యాసి సామాను అనుకుంది. జాక్మార్ ఆ గోనెల కింద నుంచి ఒక మనిషిని ఎత్తుకుని, పసిపిల్లాణ్ణి మోసినట్టు మోసుకొచ్చి పొయ్యి పక్కన పీట మీద దించాడు.

గడ్డం మాసింది. దవడలు లోపలికి పోయాయి. చేతులు మాత్రం అవే, రొట్టెలు చరిచే వెడల్పాటి చేతులు. పాదాలకి గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. ఆ మూటలు పాదాలుండాల్సినంత పొడవు లేవు.

ఎర్సాన్ ఏడవలేదు. ఎంతోమంది ఒళ్ళు చీలిపోవడం చూసిన మనిషి ఆమె. మరుగుతున్న నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, పళ్ళెంలో పోసి, తమ్ముడి ముందు కూర్చుని పీలికలు విప్పడం మొదలుపెట్టింది. మనవడి కోసం కాచిన నీళ్ళవి. ఒక పీలిక చర్మంతో పాటు వచ్చింది. కొలార్ పళ్ళు బిగబట్టాడు. సన్యాసి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బండిలోకి అంతా వినబడిందక్కా," అన్నాడు కొలార్. "నీ గొంతు ఎప్పుడూ పెద్దదే."

"నువ్వు చెప్పకపోతే కాలుస్తారన్నారురా. చెప్తే వదిలేస్తారనుకున్నాను."

"నన్నేనా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నేనెందుకు నోరు మూసుకున్నాననుకున్నావు?" అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "తల ఉందంటే తాడు అడుగుతారు. తాడంటే ఎవరికి కట్టారంటారు. ఇల్లిల్లూ తిరుగుతారు. కట్టినది ఎవరంటే... అక్కడికే వస్తుంది కదా. నన్నొక్కణ్ణి కాలిస్తే పోయేది. ఇంక రెండు వారాలు ఓపిక పట్టుంటే అయిపోయేది, అక్కా. ఎందుకు చెప్పావే?"

ఎర్సాన్ తడిగుడ్డ తీసుకుని అతని మడమ తుడుస్తూ ఉండిపోయింది. కుండ పగలగొట్టినవాడు వేరే ఉంటే దెబ్బలు తిన్న పిల్లాడు. ఆ కుండ పగలగొట్టింది తనే అని ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. అమ్మ కర్ర తీసుకొస్తే వాడు ముందుకొచ్చి నిలబడ్డాడు.

లోపల మారోట్ అరిచింది. ఇందాకటి మూలుగు కాదు. ఎర్సాన్ ఆ అరుపు విని ఎంతవరకు వచ్చిందో చెప్పగలదు. తడి చేతులతోనే లేచింది.

"ఆ తాడు ఇప్పుడెక్కడుంది?" సన్యాసి అడిగాడు.

ఆయన చూపు ఓరగా వేసిన తలుపు మీదికి వెళ్ళింది.

"జాక్మార్, వెళ్ళి పట్టుకురా."

జాక్మార్ కదల్లేదు. "పురిటి గది స్వామీ. మగాడు గడప దాటకూడదు."

"అయితే ఆ లోపలున్నావిడని తెమ్మను. కోసి తెమ్మను."

"కోయకూడదు!" ఎర్సాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కత్తి తగలకూడదు దానికి. బిడ్డ ఊపిరి పీల్చేదాకా విప్పనూ కూడదు. కట్టిన చెయ్యే విప్పాలి. మధ్యలో తీస్తే నా కూతురు చచ్చిపోతుంది."

"చూశారా," అన్నాడాయన. నిజంగా జాలిపడుతున్నట్టే అన్నాడు. "ఒక దారప్పోగు విప్పితే ప్రాణం పోతుందంటున్నారు. దేవుడి చేతిలో కాదు, ఆ తల చేతిలో మీ కూతుర్ని పెట్టారు. రేపు ట్రువాలో న్యాయపీఠం ముందు ఈ మాటే చెప్తారా?"

ఎటు తిరిగినా గోడే. "నేను అబద్ధం చెప్పాను స్వామీ. తల లేదు, తాడూ లేదు. తమ్ముడి మీద ప్రేమతో ఏదో కల్పించాను. ముసలిదాన్ని, నా మాటకి విలువేమిటి?"

"లోపలికి వెళ్ళి చూస్తే తేలిపోతుంది కదా." సన్యాసి తనే ముందుకు అడుగు వేశాడు. ఎర్సాన్ పక్కకి జరగలేదు. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చల్లటి చెయ్యి. నెట్టలేదు, ఇంకా. "జాక్మార్, ఈవిణ్ణి పట్టుకో."

"తల ఉంది," అన్నాడు కొలార్.

అందరూ అతని వైపు తిరిగారు.

"మీకు తాడు కావాలా, తల కావాలా? తాడు నార పోగు. ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. పట్టుకెళ్ళి చూపిస్తే బిషప్పుగారు నవ్వుతారు. తల ఎక్కడుందో చెప్తాను. ఆ పిల్ల జోలికి పోకండి."

"కొలార్, వద్దు," అంది ఎర్సాన్. ఇన్నాళ్ళుగా వాడి నోట్లోంచి ఊడిపడాలని మొక్కుకున్న మాట అది. ఇప్పుడు దాన్ని రెండు చేతులతో వెనక్కి తోసెయ్యాలనిపించింది.

సన్యాసి ఆమె భుజం మీద నుంచి చెయ్యి తీసేసి పీట ముందుకొచ్చి వంగాడు. "చెప్పు, నాయనా."

"ఆ రోజు గుర్రాల చప్పుడు విన్నాక నేను ఉత్తిచేతులతో బయటపడలేదు. వెండి తల్లిని పిండి గోనెలో వేసుకుని పరిగెత్తాను. శ్మశానం సందులోంచి గురువు లాంబెర్ గారి తలుపు కొట్టాను. ఆయనా నేనూ కలిసి బండ ఎత్తాం. ముసలాయన నడుము పట్టేసింది పాపం, చచ్చేదాకా తగ్గలేదు. నేను వెనక్కి ఎందుకెళ్ళానంటే, అందరూ దొరికి ఒక్కడు కనబడకపోతే ఊరంతా వెతుకుతారని. రొట్టెలు కూడా ఉన్నాయనుకోండి. మంచి గోధుమపిండి."

"ఏ బండ?"

కొలార్ అక్క వైపు చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి అతని మూతి మీద ఒక వంకర నవ్వు వచ్చింది. రొట్టె మాడిన రోజుల్లో తప్పించుకోవడానికి నవ్వే నవ్వు.

"మా ఊరి గుళ్ళో ఇంకేం బండుంటుంది స్వామీ? బలిపీఠం. లోపల పునీతుల అవశేషాలుండే పాత గూట్లో పెట్టి మూసేశాం. పొద్దున మీరు పూజ చెప్పిన చోటే. బండిలోంచి నాకు గంట వినబడింది. జాక్మార్ లోపలికెళ్ళొచ్చి చెప్పాడు, మీరు మోకరించారట. చాలాసేపు వంగి ముద్దు పెట్టుకున్నారట."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటలాడింది.

సన్యాసి చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచింది. వేళ్ళు పెదవుల మీద ఆగాయి. తుడుచుకోబోయాడు. ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చి ఆపుకున్నాడు. జాక్మార్ చూస్తూనే ఉన్నాడు. వాడు తెలివైనవాడు కాదు. మాటలు ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయే రకం.

"స్వామీ," అన్నాడు నెమ్మదిగా. "తెలియక మొక్కినా..."

మిగతాది వాడు అనలేదు. ఎర్సాన్‌కి వాడి నోరు మూయాలనిపించింది. ఆ మాట ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఉరి అవుతుందని ఇంతసేపూ వణికింది. అది ఇప్పుడు తిరిగి దాన్ని అన్న మనిషి మెడలోనే పడింది. పడినందుకు సంతోషం కలగలేదు. మెడలో తాడు పడిన జంతువు ఏం చేస్తుందో ఆమెకి తెలుసు.

సన్యాసి నిటారుగా నిలబడ్డాడు. ముఖంలో రంగు మెల్లగా వెనక్కొచ్చింది. పీట మీద కూర్చున్నవాణ్ణి చూశాడు. ఎర్సాన్‌ని చూశాడు. జాక్మార్‌ని కాస్త ఎక్కువసేపు చూశాడు. తర్వాత ఓరగా ఉన్న తలుపు వైపు చూసి, ఆ సందు వెడల్పు ఎంతో, అందులోంచి లోపలికి ఎంత మాట పోయుంటుందో అంచనా వేసుకున్నాడు.

"వదినా!" లోపల్నుంచి ఇజాబో అరిచింది. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "తొందరగా రా! అడ్డం తిరిగినట్టుంది. నా చేతికి అందడం లేదు!"

ఎర్సాన్ తిరగబోయింది.

"జాక్మార్," అన్నాడు సన్యాసి. "తలుపు వెయ్యి."

"ఏ తలుపు స్వామీ?"

"రెండూ. విన్నవాళ్ళెవరూ బయటికి పోకూడదు."

జాక్మార్ వీధి తలుపు మూసి అడ్డగడియ వేశాడు. తర్వాత లోపలి గది దగ్గరికొచ్చాడు. ఎర్సాన్ అక్కడే, గడప మీద, ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ ఉంది. వాడి చెయ్యి ఆమె తల మీదుగా వెళ్ళి తలుపు చెక్కని పట్టుకుంది.

"పెద్దమ్మా," అన్నాడు వాడు, సన్యాసికి వినబడనంత మెల్లగా. "నువ్వు గడపకి ఏ పక్కనుంటావో తొందరగా చెప్పు."